ఇరవైనాలుగు అంకెల సంఖ్య, ఒక తెలుగువాని ప్రశ్న

1,46,36,19,46,18,64,58,56,25,60,000.

ఇది ఇరవైనాలుగు అంకెల సంఖ్య. మన వాడుకలో చెప్పాలంటే 146 కోట్ల కోట్ల కోట్లకు పైచిలుకు. ఇది ఎంతటిదో ఊహకు అందటానికి ఒక కొలత తీసుకొందాము. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరుకు చేరువగా, పెన్నానది మీద సోమశిల జలాశయం ఉన్నది. అది పూర్తిగా నిండితే 78 టి.యం.సి.ల నీరు, అనగా సుమారు 2 లక్షల 20 వేల కోట్ల లీటర్లు, నిలుస్తుంది. మిల్లీలీటరుకు 20 చుక్కల చొప్పున లెక్కవేస్తే, నిండు సోమశిలలో ఉండే నీటిచుక్కలు ఇంచుమించు 440 కోట్ల కోట్లు. పై సంఖ్యకు సరిపడే చుక్కలు కావాలంటే ఒక్క సోమశిల చాలదు. 33 లక్షల సోమశిలలు నిండాలి.

పెద్ద సంఖ్యలు తెలుగువారికి కొత్త కావు. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. చదరంగపు పలకమీద మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవైనాలుగు గడులు నింపితే వచ్చే మొత్తాన్ని చెప్పే పద్యం ఒకటి ఆయన పేర ప్రసిద్ధంగా ఉన్నది. శరం అంటే 5, వేదం అంటే 4, గిరి అంటే 7 అనే సంకేతాలతో ఆ పద్యం 1,84,46,74,40,73,70,95,51,615 అనే ఇరవై అంకెల సంఖ్యను ఒక్క అంకె కూడ తప్పకుండా చెపుతుంది. మనం పైన వ్రాసిన సంఖ్య దానికి సుమారు 7,900 రెట్లు.

అయితే పెద్దదైనంత మాత్రాన సంఖ్యకు విలువ రాదు. ఎంత పెద్ద సంఖ్యకైనా ఒకటి కలిపితే అంతకంటె పెద్దది వస్తుంది. ఈ ఇరవైనాలుగు అంకెల సంఖ్య గణితశాస్త్రంలో నిలవటానికి కారణం దాని పరిమాణం కాదు, దాని లోపలి జమాఖర్చు. అటువంటి జమాఖర్చు సరిపోయిన సంఖ్యలు ఇంతవరకు ఐదే దొరికినాయి. ఈ సంఖ్య వాటిలో ఐదవది. ఆరవది ఉన్నదో లేదో ఈనాటికీ ఎవరూ తేల్చలేదు. ఆ ప్రశ్నను లోకం ముందు ఉంచినవారిలో ఒకరు తెలుగువారు. ఉన్నత పాఠశాల గణితం తెలిసినవారందరికీ ఆ ప్రశ్న అర్థమవుతుంది.

పాత ప్రశ్న

కథ గ్రీసు దేశంలో మొదలవుతుంది. 6 అనే సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 1, 2, 3, 6. ఆ సంఖ్యను వదలి తక్కినవాటిని కూడితే 1 + 2 + 3 = 6. ఎంత ఉన్నదో అంతే తిరిగి వచ్చింది. అదే విధంగా 28కి 1 + 2 + 4 + 7 + 14 = 28. ఇటువంటి వాటిని పరిపూర్ణ సంఖ్యలు అన్నారు. వీటి తరువాతివి 496, 8128.

క్రీస్తుకు పూర్వం సుమారు 300 ప్రాంతాన యూక్లిడ్ వీటిని తయారుచేసే ఉపాయం ఒకటి చూపినాడు. రెండు యొక్క ఒక ఘాతం నుండి ఒకటి తీసివేయగా ప్రధాన సంఖ్య వస్తే, దాని సహాయంతో ఒక పరిపూర్ణ సంఖ్యను నిర్మించవచ్చును. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ దారినే రావాలని పద్దెనిమిదవ శతాబ్దిలో ఆయిలర్ నిరూపించినాడు. ఆ దారిలో వెదికి 2024 అక్టోబరు నాటికి 52 పరిపూర్ణ సంఖ్యలను కనుగొన్నారు. కాని బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉన్నదా అనే ప్రశ్న రెండువేల ఏండ్లు దాటినా తెగలేదు. ఉంటే అది 1500 అంకెలకు మించినదై ఉండాలని మాత్రం 2012లో తేలింది.

గురువు భావన, శిష్యుని ప్రశ్న

ఇక్కడ మన మద్రాసు విశ్వవిద్యాలయం ప్రసక్తి వస్తుంది. అక్కడ గణితశాస్త్ర రీడరుగా ఉన్న ఆర్. వైద్యనాథస్వామిగారు 1931లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ పత్రికలో ఒక పెద్ద వ్యాసం ప్రకటించినారు. అందులో భాజకాలలో ఒక ప్రత్యేకమైన రకాన్ని ఆయన విడదీసి చూపినారు. ఆయన వాడిన మాటను తెలుగులో చెప్పాలంటే ‘దిమ్మ’ అనవచ్చును. 1960లో ఎక్‌ఫర్డ్ కోహెన్ వీటినే యూనిటరీ భాజకాలు అని పిలిచినాడు. ఆ పేరే స్థిరపడింది.

యూనిటరీ భాజకం అంటే ఏమిటి? 60ని తీసుకొందాము. 60 = 2² × 3 × 5. ఇందులో 4, 3, 5 అనేవి మూడు దిమ్మలు. ప్రతి దిమ్మలోను ఒకే ప్రధాన సంఖ్య ఉన్నది, అది ఎన్నిసార్లు ఉన్నదో అన్నిసార్లూ దిమ్మలోనే ఉన్నది. దిమ్మను తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, లేదా మొత్తం వదలిపెట్టాలి. పగులగొట్టరాదు. కాబట్టి 2 గాని, 6 గాని, 10 గాని 60కి యూనిటరీ భాజకాలు కావు, 4 అనే దిమ్మను పగులగొట్టితేనే అవి వస్తాయి. 12 యూనిటరీ భాజకమే, ఏమంటే 12 = 4 × 3, మిగిలినది 5. మరో విధంగా చెప్పాలంటే, భాజకానికీ భాగఫలానికీ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండరాదు.

ఇప్పుడు 60 యొక్క యూనిటరీ భాజకాలలో 60ని వదలి తక్కినవాటిని కూడండి:

1 + 3 + 4 + 5 + 12 + 15 + 20 = 60.

పాత అర్థంలో 60 పరిపూర్ణ సంఖ్య కాదు. కాని దిమ్మలను పగులగొట్టరాదనే నియమంతో చూస్తే పరిపూర్ణమైనది. దీనినే యూనిటరీ పరిపూర్ణ సంఖ్య అంటారు.

ఇటువంటి సంఖ్యలు ఎన్ని ఉన్నాయి అనే ప్రశ్నను పట్టుకొన్నవారు మత్తుకుమల్లి వెంకట సుబ్బారావుగారు. ఆయన 1921లో నాటి గుంటూరు జిల్లా యాజలి గ్రామంలో జన్మించినారు. 1941లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఎం.ఏ. పూర్తిచేసినారు. వైద్యనాథస్వామిగారి వద్దనే పరిశోధన చేసి డాక్టరేటు పొందినారు. ఆ పరిశోధన వేరొక శాఖకు సంబంధించినది అయినా, గురువు 1931లో విడదీసి చూపిన భావన తరువాత శిష్యుని చేతిలో కొత్త ప్రశ్నగా మొలకెత్తింది. ప్రెసిడెన్సీ కళాశాలలోను, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను, అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయంలోను పనిచేసిన పిమ్మట 1963లో సుబ్బారావుగారు కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో చేరినారు. చివరివరకు అక్కడే ఉండి 2006లో మరణించినారు.

1966లో సుబ్బారావుగారు, ఎల్. జె. వారెన్ కలసి యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలను గురించి ఒక వ్యాసం ప్రకటించినారు. వారికి దొరికినవి నాలుగు: 6, 60, 90, 87360.

బేసివి లేవు

పాత పరిపూర్ణ సంఖ్యల విషయంలో తెగని బేసి ప్రశ్న, ఇక్కడ నాలుగు వాక్యాలలో తెగిపోతుంది. ముందుగా ఒక సూత్రం గమనించండి. యూనిటరీ భాజకాలన్నిటి మొత్తం కావాలంటే ప్రతి దిమ్మకు 1 కలిపి, అన్నిటినీ గుణిస్తే చాలును. 60కి (4 + 1)(3 + 1)(5 + 1) = 5 × 4 × 6 = 120. కుండలీకరణాలను విప్పితే ప్రతి దిమ్మను తీసుకోవటమో (దిమ్మ), వదలటమో (1) జరుగుతుంది కనుక, అన్ని యూనిటరీ భాజకాలూ ఒక్కొక్కసారి వస్తాయి. ఈ మొత్తంలో 60 కూడ చేరి ఉన్నది. కాబట్టి పరిపూర్ణమైన సంఖ్యకు ఈ లబ్ధం ఆ సంఖ్యకు సరిగా రెట్టింపు కావాలి.

ఇప్పుడు సంఖ్య బేసి అనుకొందాము. అప్పుడు దిమ్మలన్నీ బేసివే. ఒక్కొక్కదానికి 1 కలిపితే అన్నీ సరిసంఖ్యలవుతాయి. కనుక ఎన్ని దిమ్మలు ఉంటే లబ్ధంలో కనీసం అన్ని రెండ్లు ఉంటాయి. కాని ఆ లబ్ధం బేసి సంఖ్యకు రెట్టింపు, అందులో ఒకే ఒక రెండు ఉండాలి. అందువలన దిమ్మ ఒక్కటే ఉండాలి. ఒక్క దిమ్మకు 1 కలిపితే రెట్టింపు కావటం, ఆ దిమ్మ 1 అయితేనే జరుగుతుంది. అది పొసగదు. కాబట్టి బేసి యూనిటరీ పరిపూర్ణ సంఖ్య లేదు.

నిర్వచనంలో ఒక చిన్న మార్పు చేస్తే ఒకవైపు కొండంత ప్రశ్న దూదిపింజ అయిపోయింది. మరొకవైపు సులభమైనది కఠినమైనది. యూక్లిడ్ చూపినటువంటి తయారీ సూత్రం వీటికి ఇంతవరకు దొరకలేదు. ఒక్కొక్క సంఖ్యనూ వెదికి పట్టవలసినదే.

ఐదవ సంఖ్య జమాఖర్చు

ఐదవదానిని వెదికి పట్టినవాడు చార్లెస్ ఆర్. వాల్. 87360కి, ఈ ఇరవైనాలుగు అంకెల సంఖ్యకు మధ్య మరొకటి లేదని, ఇదే వరుసలో ఐదవదని చూపిన ఆయన వ్యాసం 1975లో వెలువడింది. ఈ సంఖ్యను ప్రధాన సంఖ్యలుగా విడదీస్తే ఇలా వస్తుంది:

2¹⁸ × 3 × 5⁴ × 7 × 11 × 13 × 19 × 37 × 79 × 109 × 157 × 313.

దిమ్మలు పన్నెండు. ప్రతిదానిని తీసుకోవటం, వదలటం అనే రెండు దారులున్నవి గనుక యూనిటరీ భాజకాలు 2¹², అనగా 4096. సంఖ్యను వదిలితే 4095. వాటిని వరుసగా వ్రాసి కూడనక్కరలేదు. పై సూత్రం చేతిలో ఉన్నది గనుక, కాగితం, కలం చాలును.

2¹⁸తో మొదలుపెడదాము. 2¹⁸ = 262144. దీనికి 1 కలిపితే 262145. దీనిని విడదీయటానికి మనకు తెలిసిన సర్వసమీకరణమే పనికివస్తుంది. 262145 = 513² − 32². కాబట్టి ఇది (513 + 32)(513 − 32) = 545 × 481. వీటిని ఇంకా విడదీస్తే 5 × 109 × 13 × 37.

ఇప్పుడు జమాఖర్చు నియమం గుర్తుంచుకోండి. లబ్ధంలో వచ్చిన ప్రతి బేసి ప్రధాన సంఖ్య అసలు సంఖ్యలో కూడ ఉండితీరాలి, సరిగా అన్నేసార్లు ఉండాలి. రెండ్లు మాత్రం ఒకటి ఎక్కువ, అనగా పంతొమ్మిది రావాలి. 109, 37, 13, 5 ఖాతాలోకి వచ్చినాయి. వాటిని చేర్చుకొన్నాము గనుక వాటికి కూడ 1 కలపాలి. ఒకటి మరొకదానిని పిలుస్తుంది:

109 + 1 = 110 = 2 × 5 × 11
37 + 1 = 38 = 2 × 19
13 + 1 = 14 = 2 × 7
19 + 1 = 20 = 2² × 5
11 + 1 = 12 = 2² × 3
7 + 1 = 8 = 2³
3 + 1 = 4 = 2²

ఇక్కడ ఆగి చూద్దాము. ఐదు అనే అంకె ఇప్పటికి మూడుసార్లు వచ్చింది: 262145లో ఒకటి, 110లో ఒకటి, 20లో ఒకటి. అయితే ఐదు దిమ్మను 5³గా తీసుకొందామా? 125 + 1 = 126 = 2 × 3² × 7. దీనితో ఇంతకుముందు ఒక్కసారే వచ్చిన 3 మూడుసార్లు, 7 రెండుసార్లు అవుతాయి. లెక్క చెడిపోయింది. అందుచేత ఒక మెట్టు పైకి పోయి 5⁴ తీసుకొందాము:

625 + 1 = 626 = 2 × 313
313 + 1 = 314 = 2 × 157
157 + 1 = 158 = 2 × 79
79 + 1 = 80 = 2⁴ × 5

కొరతగా ఉన్న నాలుగవ ఐదు చిట్టచివర, 80లో దొరికింది. 313, 157, 79 ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వచ్చి ఆ అప్పు తీర్చినాయి. కొత్తగా పిలవవలసిన ప్రధాన సంఖ్య మరొకటి మిగలలేదు. ఇక రెండ్ల సంగతి. మొదటి పట్టికలో 1 + 1 + 1 + 2 + 2 + 3 + 2 = 12. రెండవదానిలో 1 + 1 + 1 + 4 = 7. మొత్తం 19. మనకు కావలసినవి సరిగా పంతొమ్మిదే. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.

ఎవరి చిట్టాలోనైనా పన్నెండు పద్దులు పైసా తేడా లేకుండా సరిపోతే కరణంగారు సంతోషిస్తారు. ఇక్కడ ఒక పద్దు మారిస్తే మరొక పద్దు తలక్రిందులవుతుంది. ప్రతి బేసి దిమ్మ కనీసం ఒక రెండును ఖర్చు చేస్తుంది. ఖర్చు చేయదగిన రెండ్లకు మితి ఉన్నది. కాబట్టి దిమ్మలు ఇష్టం వచ్చినన్ని చేర్చుకోవటానికి వీలులేదు. ఇన్ని కట్టుబాట్లలో ఒక సంఖ్య నిలబడటమే అరుదు. ఈ సంఖ్యకు మామూలు భాజకాలు 97,280 ఉన్నవి. వాటన్నిటినీ కూడితే ఈ పొందిక కనబడదు. దిమ్మలను పగులగొట్టకుండా చూసిన కంటికే కనబడుతుంది.

ఆరవది ఉన్నదా?

యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలు పరిమితంగానే ఉండాలని సుబ్బారావుగారి ఊహ. ఊహ వేరు, నిరూపణ వేరు. ఈ ప్రశ్నను తేల్చినవారికి కార్లిట్జ్, ఎర్డోష్, సుబ్బారావు ముగ్గురూ తలా పది డాలర్ల బహుమానం ప్రకటించినారు. కొత్త సంఖ్యను కనుగొన్నవారికి ఒక్కొక్కదానికి పది సెంట్లు ఇస్తానని సుబ్బారావుగారు వేరుగా చెప్పినారు. బహుమానం చిన్నదని నవ్వుకోవచ్చును. కాని పది సెంట్లకూ, పది డాలర్లకూ ఉన్న నిష్పత్తిలో ఒక గణితశాస్త్రజ్ఞుని అభిప్రాయం దాగి ఉన్నది. ఒక ఉదాహరణ దొరకటం కంటె, ఇక ఉదాహరణలు ఉన్నాయో లేవో తెలియటమే విలువైనది.

అటుపిమ్మట కొంత దారి తెరుచుకొన్నది. ఆరవ సంఖ్య అంటూ ఉంటే దానిలో కనీసం తొమ్మిది వేర్వేరు బేసి ప్రధాన సంఖ్యలు ఉండాలని 1988లో వాల్ చూపినాడు. బేసి భాగంలో ఏ ప్రధాన సంఖ్యా రెండవసారి రాకుండా ఉండే యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలు 6, 60, 87360 మాత్రమేనని 1989లో ఎస్. డబ్ల్యు. గ్రాహం నిరూపించినాడు. 90లో 3 రెండుసార్లు, మన ఐదవ సంఖ్యలో 5 నాలుగుసార్లు ఉండటం గమనించండి. అందుచేతనే అవి ఆ జాబితాలో లేవు. వేర్వేరు ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉన్నాయో చెపితే, ఆ సంఖ్య దాటరాని ఎల్లను 2007లో టకేషి గోటో నిర్ణయించినాడు. పన్నెండు ప్రధాన సంఖ్యలు ఉంటే ఆ ఎల్ల 2⁴⁰⁹⁶, అనగా 1234 అంకెల సంఖ్య. ఈ ఫలితం వలన, పన్నెండుకు పరిమితంగానే, పదమూడుకు పరిమితంగానే సంఖ్యలు ఉండగలవని తెలుస్తుంది. కాని ప్రధాన సంఖ్యల లెక్క ఎంతవరకైనా పెరగవచ్చును గనుక అసలు ప్రశ్న అలాగే నిలిచి ఉన్నది.

వెదకిన మేర అంతా వెదికినా దొరకలేదు గనుక ఆరవది లేదని చెప్పవచ్చునా? 1966 నాటికి చేతిలో ఉన్నవి నాలుగే. ఐదు అంకెల 87360 తరువాత వరుసలో వచ్చే సంఖ్య ఇరవైనాలుగు అంకెలది. ఈ రెండింటి మధ్య కోట్ల కోట్ల సంఖ్యలలో ఒక్కటి కూడ లేదు. అంత దూరం వెదికి ఎవరైనా ‘ఇక లేవు’ అని తీర్పు చెప్పి ఉంటే, ఆ తీర్పు తప్పు అయ్యేది. వెదకటం ఎంత సాగినా, నిరూపణకు బదులు కాజాలదు. విద్యార్థులు ఈ సంఖ్యనుండి నేర్చుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

దీనివలన ఉపయోగమేమని అడగవచ్చును. ఈ సంఖ్యతో మెట్టచేను తడవదు, దీపం వెలగదు. కాని లెక్కలు అంటే ఎవరో ఎక్కడో పూర్తిచేసి పుస్తకంలో పెట్టినవి, మనం అప్పగించవలసినవి అనే అభిప్రాయం మన తరగతి గదులలో బలంగా ఉన్నది. ఆ అభిప్రాయానికి ఈ ఐదవ సంఖ్య గట్టి సమాధానం. భావన మద్రాసులో పుట్టింది. ప్రశ్నను యాజలిలో పుట్టినవాడు పట్టుకొన్నాడు. జవాబు ఇంకా ఎక్కడా లేదు. ఉదయగిరి కొండ క్రింద బడిలోగాని, ఆత్మకూరు బడిలోగాని పదవ తరగతి చదువుతున్న విద్యార్థికి ఈ ప్రశ్నను అర్థం చేసుకోవటానికి కావలసిన గణితం ఇప్పటికే చేతిలో ఉన్నది.

ఉపాధ్యాయులు ఒక పీరియడులో ఈ పని చేయించవచ్చును. 87360 = 2⁶ × 3 × 5 × 7 × 13. నల్లబల్లమీద ఈ ఒక్క పంక్తి వ్రాసి, 64 + 1 నుండి మొదలుపెట్టి జమాఖర్చు విద్యార్థుల చేతనే వ్రాయించండి. ఏ ప్రధాన సంఖ్య ఏ వరుసలో వచ్చిందో, రెండ్లు సరిగా ఏడు వచ్చినాయో లేదో వారినే లెక్కపెట్టనివ్వండి. లెక్క సరిపోయిన తరువాత 2⁷తో, 2⁸తో మొదలుపెట్టి ప్రయత్నించమనండి. ఎక్కడ, ఏ సంఖ్యవద్ద ఖాతా చెడిపోయిందో వారు వ్రాసి చూపితే చాలును. సుబ్బారావుగారి ప్రశ్న ఎక్కడ కఠినమో ఆ పంక్తిలోనే వారికి తెలిసివస్తుంది.